మూసుకుపోయే కన్ను

ఆపరేషన్ థియేటర్ బయట గోడకు ఉన్న టీవీ ఒక్క క్షణం నల్లబడి మళ్ళీ వెలిగింది. బెంచీల మీద సీరియల్ చూస్తున్నవాళ్ళెవరూ పట్టించుకోలేదు. నేను మాత్రం బెంచీ మీంచి లేచి నిలబడ్డాను. లోపల మా నాన్న ఉన్నాడు. గాల్‌బ్లాడర్‌లో రాళ్ళు. పొట్ట కోయకుండా, చిన్న రంధ్రంలోంచి కెమెరా పంపి, తెర మీద చూస్తూ తీస్తారట. దిల్‌సుఖ్‌నగర్‌లో బతుకంతా చీరలమ్మిన మనిషి కదా, డాక్టరుతోనూ బేరం పెట్టాడు. "నాలుగు రంధ్రాలెందుకు సార్, మూడిట్ల కానియ్యరాదు?" డాక్టరు పడీపడీ నవ్వాడు. నేను నవ్వలేకపోయాను. అంతకు కాస్త ముందే ట్రాలీ మీద లోపలికి పోతున్న పెట్టెను గుర్తుపట్టాను. కెమెరాలో పడ్డ బొమ్మను తెరకు చేరవేసే ఆ పెట్టె మా ల్యాబ్‌లో పుట్టిందే. దాని కేబుల్‌ను ఎవరో ట్రాలీ కొక్కేనికి బిర్రుగా చుట్టేశారు. ఆ చుట్ట చూడగానే వసంత మేడమ్ గుర్తొచ్చారు. గుర్తొచ్చారనడం కూడా కాదు, పక్కన నిలబడి నా మోచేయి పట్టుకున్నట్టే అనిపించింది.

ఆమె నిజంగానే మోచేయి పట్టుకునేవారు. మా ల్యాబ్ ఎల్బీనగర్ చౌరస్తా దగ్గర, ఒక మిఠాయి దుకాణం పైన ఉండేది. ఒంగోలు వైపు నుంచి వచ్చి వనస్థలిపురంలో స్థిరపడిన మేడమ్, టెస్టింగ్‌కు పెద్ద. నా మొదటి బాస్. ఆమె అంత పిరికి మనిషిని నేను చూడలేదు. లిఫ్టు ఎక్కరు. సాయంత్రం రోడ్డు దాటాలంటే నేను తోడుండాలి. "ఆగవయ్యా, ఆ బస్సు పోనీ. ఆ వెనకాల ఇంకోటుంది చూడు." "అది ఇంకా కొత్తపేట్‌లనే ఉంది మేడమ్!" "రాకుండా పోతుందా?" ఈమె దగ్గర నేనేం నేర్చుకుంటానులే అని లోపల అనుకునేవాణ్ణి. బేరమాడితే ఏదైనా దిగుతుందని నమ్మి పెరిగినవాణ్ణి కదా, ఆమె భయం కూడా ఏదో ఒకనాటికి దిగుతుందనుకున్నాను.

మేం చేసే పని ఇదీ. తీగలో ఒకట్లు, సున్నాలు మహా వేగంగా పరుగెత్తుతుంటాయి. వాటిని స్కోపు అనే కొలిచే యంత్రం తెర మీద ఒకదాని మీద ఒకటి పేర్చి చూస్తే, పైకెళ్ళే గీతలూ కిందికి దిగే గీతలూ కలిసి కన్ను ఆకారం వస్తుంది. కన్ను విప్పారి ఉంటే అవతలి చిప్ ఏది ఒకటో, ఏది సున్నో పోల్చుకోగలుగుతుంది. గీతలు తడబడేకొద్దీ రెప్పలు వాలతాయి. నడిమధ్య మాస్క్ అని ఒక గడి గీసి పెడతాం. గీత ఏదీ అందులో అడుగుపెట్టకూడదు. ఇంకొక సంగతి ఉంది. పాత గీతలు చెరిగిపోకుండా స్కోపును అలాగే వదిలేస్తే కన్ను ఎప్పటికీ పెద్దది కాదు. చూసేకొద్దీ చిన్నదవుతుంది, అంతే. ఈ మాట నాకు మొదట చెప్పింది మేడమే.

ఆ పెట్టెలు ఆసుపత్రులకు వెళ్ళాల్సిన వారం. కేబుల్ బల్ల మీద తిన్నగా పరిచి ఉంది, కన్ను కలువరేకులా ఉంది.

"మస్తుంది మేడమ్. పంపిద్దాం" అన్నాను.

"ఎంతసేపు చూశావ్?"

"చాయ్ తాగినంత సేపు."

"మీ షాపులో చీర కొనేవాళ్ళు ట్యూబ్‌లైటు కింద చూసి పట్టుకుపోతారా?"

"ఎక్కడ మేడమ్! గడప దాటి ఎండల పట్టి చూస్తరు. మా నాయిన తిట్టుకుంటడు."

"అయితే మనమూ ఎండలో పెడదాం."

ఆ పొద్దున ఆమె ఒక ఆసుపత్రికి వెళ్ళి, ఆపరేషన్ అయ్యాక అక్కడివాళ్ళు యంత్రాన్ని ఎలా సర్దుతారో చూసి వచ్చారు. మొహం పాలిపోయి ఉంది. మా కేబుల్ తీసుకుని, అక్కడ చుట్టినట్టే కిటికీ ఊచకు బిర్రుగా, మెలికలు పడేలా చుట్టారు. పెట్టెను వేడిచేసే అరలో పెట్టి, స్కోపు ముందు కుర్చీ వేసుకున్నారు. కన్ను మెల్లగా ఇరుకైంది. అన్నం డబ్బాలు తెరిచే వేళకు ఏదో గీత తగిలి మాస్క్‌లో ఒక చుక్క పడింది.

"ఒక్కటే కదా మేడమ్" అన్నాను. గొంతులో మాత్రం బేరం తగ్గింది.

ఆమె తెర వైపు వేలు చూపించారు. ఆ చుక్క పక్కన ఇంకొకటి, తర్వాత చిన్న గుంపు. ఉన్నట్టుండి, పక్కనున్న టీవీలో మా కెమెరా చూపిస్తున్న గోడ గడియారం మాయమైంది. నల్లటి తెర. ఒక ఊపిరి తీసుకునేంత సేపు. మళ్ళీ గడియారం వచ్చింది.

"ఇప్పుడు డాక్టరు చెయ్యి ఎక్కడుందయ్యా?" అన్నారు మేడమ్.

కబురు విని మా కంపెనీ ఓనరు పైకొచ్చాడు. "అమ్మా, గింత సన్న చుక్క ఎవలకి కనబడ్తది? బండి కింద నిలబడ్డది, లోడ్ చేసుడే." మేడమ్ లేచి నిలబడ్డారు. అన్నం డబ్బాను గట్టిగా పట్టుకున్నారు. "నాకు కనబడింది సార్. నాకు భయంగా ఉంది. నేను సంతకం పెట్టను." ఓనరు అరిచాడు. ఆమె ప్రతి అరుపుకూ ఉలిక్కిపడ్డారు. ఉలిక్కిపడుతూనే "పెట్టను" అన్నారు. బండి ఖాళీగా పోయింది. కనెక్టరు మార్చి, పెట్టె లోపలి సర్క్యూట్ బోర్డు మళ్ళీ గీయించి, కొత్త పెట్టెను అదే ఊచకు, అదే మెలికలతో, అదే వేడిలో పరీక్షించాం. కన్ను సన్నబడింది గానీ మూసుకోలేదు. పాసయినట్టే కదా అని అడిగితే, "ఇప్పటిదాకా బాగుంది" అన్నారు. అంతకుమించిన మెప్పు ఆమె నోట దేనికీ రాలేదు.

మేడమ్ ఇప్పుడు లేరు. థియేటర్ తలుపు మీద ఎర్రబల్బు మాత్రం వెలుగుతూనే ఉంది. ఆ కన్ను ఎంత తెరుచుకుని ఉందో నా కళ్ళతో చూసినవాణ్ణి నేను. అయినా ఆ తలుపు వెనక అది కొంచెం కొంచెంగా ఇరుకవుతున్నట్టే ఉంది. ఇక్కడ బేరమాడటానికి ఎదురుగా మనిషి కూడా లేడు.

డాక్టరు మాస్కు దించుకుంటూ బయటికొచ్చాడు. "అంతా మంచిగైంది. మత్తు దిగీ దిగకముందే రాళ్ళు తనకే ఇయ్యాల్నని అడుగుతున్నడు మీ నాయిన."

"సార్, నడుమ స్క్రీన్ గిట్ల ఒక్కసారి గూడ పోలేదు కదా?"

"స్క్రీనా?" వింతగా చూశాడు. "అదెందుకు పోతది?"

ఆయన వెళ్ళాక ట్రాలీ బయటికొచ్చింది. కేబుల్ మళ్ళీ కొక్కేనికి బిర్రుగా చుట్టి ఉంది. విప్పి, పెద్ద పెద్ద చుట్లుగా, వదులుగా వేలాడదీశాను. "ఏయ్, ఎవరండీ మీరు?" అంది నర్సు. జవాబు చెప్పేలోపు అమ్మ ఫోను.

"ఎట్లుంది రా నాయినకు?"

మంచిగున్నడు అనబోయాను. "ఇప్పటిదాకా బాగుందమ్మా" అని వచ్చింది.

"థూ, గదేం మాటరా! నోట్లె మంచి మాటే రాదా నీకు?"