కుడి బుగ్గ మీద చుక్క

డే కేర్‌కి ఆ పేరెందుకు పెట్టారో నాకు మొదటి రోజే తెలిసిపోయింది. పగలంతా పిల్లలు కేర్ కేర్ మంటూ ఉండే చోటు కాబట్టి. ఈ ముక్క గేటు దగ్గరే నా భార్యతో అన్నాను. ఆవిడ నవ్వలేదు. పిల్ల ఇంకా ఆవిడ చున్నీ అంచు వదల్లేదు. ఏది ఎప్పుడు అనాలో తెలియకపోవడం నాకు పుట్టుకతో వచ్చిన విద్య.

రాజాంలోనే ఇద్దరివీ ఉద్యోగాలు. ఆవిడది బ్యాంకులో. ఎన్నో పరీక్షలు రాసి, చాలాసార్లు అంచు దాకా వెళ్లి వెనక్కి వచ్చి, చివరికి సంపాదించుకున్న కుర్చీ అది. నాది ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కామర్సు చెప్పే పని. దాన్ని నేను సంపాదించాను అనడం కన్నా అది నాకు తగిలింది అనడం సబబు. ఆవిడ జీతం పక్కన నిలబెడితే నా జీతం చెయ్యి పట్టుకు నడిచే తమ్ముడిలా ఉంటుంది. క్లాసులో ఏళ్ల తరబడి ఆయవ్యయాలు చెప్పాను గానీ, లోకంలో ఆయా వ్యయం అనేది ఒకటుందని కూతురు పుట్టేదాకా నాకు తెలీదు.

ప్రసూతి సెలవు అయిపోయింది. దానికి తోక కట్టి లాగిన మిగతా సెలవులూ అయిపోయాయి. నెల్లిమర్లలో మా అమ్మకి మోకాళ్ల నొప్పులు; ఆవిడ ఒక పూట పిల్లని ఎత్తుకుంటే రెండో పూట ఆవిణ్ని మేం ఎత్తాలి. అరసవల్లిలో అత్తగారు అప్పటికే కొడుకు పిల్లల వెనక పరుగులు పెడుతోంది. ఇంటికొచ్చి చూసుకునే మనిషి కోసం వెతికితే ఒకామె, "ఊడుపులకెల్తే ఇంతకన్నా ఎక్కువొస్తాది బాబూ, అక్కడ మట్టే అంటుకుంటాది, ఇక్కడ ఇంకేటో అంటుకుంటాది" అని చెప్పి వెళ్లిపోయింది. ఆ లెక్కలో నాకు తప్పు కనిపించలేదు.

మిగిలింది గోడ నిండా ఏనుగులూ కుందేళ్లూ వేసిన ఈ డే కేరు. ఫీజు వింటే నా జీతం నేల దాకా వంగిపోయింది. అందులో టై కూడా కలిసి ఉంది. నడక వచ్చీ రాని పిల్ల మెడకి ఎలాస్టిక్ టై. వారం తిరిగేసరికి అది చొంగ కారి అట్ట కట్టి, ఉతికినా పుల్లటి వాసన పోయేది కాదు. అలాంటి గుడ్డని రోజూ పొద్దున్నే నా చేతుల్తో నా కూతురి మెడకి తగిలించాను.

ఆ ఫీజుకి మాకు దక్కేదల్లా ఫొటోలు. రోజూ తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో పడేవి. పొద్దున చేతులు జోడించి దండం, మధ్యాహ్నం చెంచాతో అన్నం, తరవాత బంతులాట. ఒక పూట అవి ఆలస్యమైతే గ్రూపులో గోల, "మేడమ్, టుడే ఫొటోస్ ఏవీ?" అని. పడగానే అందరం లవ్ సింబళ్లు కురిపించేవాళ్లం. సంచిలో ఎప్పుడూ రెండు మూడు గౌన్లు ఉంచమని మొదట్లోనే చెప్పారు, పిల్లలు అన్నం ఒలకబోసుకుంటారు కదా అని. ఫొటోల్లో మా పిల్ల రోజుకొక గౌనులో కనిపించేది. ఎంత శుభ్రంగా చూసుకుంటున్నారో అని మురిసిపోయేవాళ్లం. సాయంత్రం తీసుకురావడానికి వెళ్తే పొద్దున వేసిన గౌనే మళ్లీ ఒంటి మీద ఎందుకుంటోందన్న ప్రశ్న మాత్రం ఇద్దరు చదువుకున్నవాళ్లలో ఒక్కరికీ రాలేదు. రాకూడదనే అనుకున్నామేమో.

మా వైపు పసిపిల్ల గడప దాటాలంటే దిష్టిచుక్క ఉండాల్సిందే. అది నా భార్య పని. స్నానం చేయించి, కాటుక భరిణెలో వేలి కొస ముంచి, ఎడమ బుగ్గ మీద మిరియం గింజంత పెట్టేది. ఒక గురువారం బ్యాంకులో ఆడిట్ అని ఆవిడ పెందరాళే వెళ్లిపోయింది. స్నానం, గౌను, టై అన్నీ నేనే చూశాను. చుక్క కూడా పెట్టాను. ఎదురుగా ఉన్న మనిషికి ఎడమేదో కుడేదో నాకు చిన్నప్పట్నుంచీ తేలదు. చుక్క కుడి బుగ్గ మీద పడింది. పైగా పిల్ల తల తిప్పడంతో అది మిరియం గింజ దాటి చింతపిక్కంత అయింది.

మధ్యాహ్నం స్టాఫ్ రూములో ఫొటోలు వచ్చాయి. గులాబీ గౌనులో నా కూతురు చెంచా పట్టుకుని నవ్వుతోంది. ఎడమ బుగ్గ మీద మిరియం గింజంత చుక్క. నా పనితనం చూసి జాలిపడి ఎవరో సరిదిద్దారు కాబోలు అని సిగ్గుపడ్డాను. సిగ్గుతోనే ఒక లవ్ సింబల్ కూడా పంపాను. కాసేపటికి బ్యాంకు నుంచి నా భార్య మెసేజ్ వచ్చింది. "బావా, చుక్క భలే కుదిరింది."

పెళ్లయ్యాక ఆవిడ నా పనిని మెచ్చుకున్న సందర్భాలు తక్కువ. అనుమానం రావడానికి అది చాలు.

ఫొటోని వేళ్లతో పెద్దది చేసి చూశాను. చుక్క కింద సన్నటి తోక ఉంది, పెట్టినప్పుడు వేలు జారినట్టు. వెనక్కి వెళ్లి బుధవారం ఫొటో తీశాను. పసుపు గౌను, అదే తోక. మంగళవారం నీలం గౌను, అదే తోక. గౌన్లు మారుతున్నాయి గానీ వాటి మీద ఉన్నది ఒకే రోజు మొహం.

బండి తీసుకుని వెళ్లాను. గేటు లోపల గడియ. కొట్టగా కొట్టగా ఆయమ్మ తీసింది. ముందు గదిలో ఫినాయిల్ వాసన. లోపలి గదిలో ఆ ఫినాయిల్‌ని కూడా ఓడించిన వాసన. విరిగిన పాలు, ఉచ్చ, చెమట కలిసి ముగ్గబెట్టినట్టుంది. తలుపులూ కిటికీలూ మూసేసి, గోడకి ఆనించిన ఒక ఫోనులో కార్టూన్ పెట్టారు. చాప మీద పిల్లలు వరసగా కూర్చుని ఉన్నారు. నోళ్లు తెరుచుకుని ఉన్నాయి, కళ్లు ఫోనుకి అతుక్కుని ఉన్నాయి. ఒకడి పెదవి మీద ఈగ. వాడు దాన్ని తోలడం కూడా మానేశాడు. నా కూతురు చివర్లో ఉంది. డయపర్ బరువెక్కి నేల దాకా జారింది. ఎత్తుకోగానే నా చొక్కా తడిసింది. చింతపిక్కంత చుక్క చీమిడితో కలిసి చెవి దాకా పాకి ఎండిపోయింది. నన్ను చూసి ఏడవలేదు. అదే నాకు ఎక్కువ ఒళ్లు మండించింది. కేర్ మనడానికి కూడా అలిసిపోయిన పిల్లని ఎత్తుకుని నిలబడ్డాను.

ఆ డే కేరు నడిపే మేడమ్ లోపల్నుంచి వచ్చింది. "సార్, ఇది పేరెంట్స్ టైమింగ్ కాదు సార్."

"ఫొటో చూసి వచ్చానండి."

"బాగొచ్చింది కదా సార్!"

"బాగుంది. చుక్క ఒక్కటే బుగ్గ మారింది."

ఆవిడ తడబడలేదు. "సెల్ఫీ కెమెరా సార్. ఎడమ కుడవుతాది, కుడి ఎడమవుతాది."

నిజం చెప్పొద్దూ, ఒక్క క్షణం నమ్మేశాను. ఎడమా కుడీ తేలని మనిషికి ఇంతకన్నా ఊరట ఏముంటుంది? కానీ ఫొటోలో పిల్ల వెనక గోడ మీద ఏ బీ సీ డీలు తిన్నగానే ఉన్నాయి. ఫోను తిప్పి చూపించాను. మేడమ్ గోడ వంక చూసింది. ఆయమ్మ మేడమ్ వంక చూసింది.

"గౌన్లు మార్సమంటే మార్సినాను బాబూ" అంది ఆయమ్మ. "శనారం అందర్నీ కూకోబెట్టి, ఒకటి తీసి ఒకటేసి, వారానికి సరిపడా తీయించినారు. సుక్క కూడా సెరిపీమన్నాది మేడము. పరాయి పిల్ల దిష్టిసుక్క నానెలగ సెరుపుతాను? ఆ పాపం నాకెందుకు?"

"మరి ఈ తడి గుడ్డలో కూర్చోబెట్టడం?" అన్నాను.

"ఒక్కద్దాన్ని బాబూ. ఎందరికని కడగను? నువ్వు ఒక్కదానికి కడిగి సూడు, తెలుస్తాది."

మేడమ్ అందుకుంది. "సార్, ఫొటో పడకపోతే గ్రూపులో గోల చేసేది మీరే. ఇంకో ఆయమ్మని పెట్టాలంటే ఫీజు పెంచాలి. పెంచితే మానేసేదీ మీరే. పిల్లల్ని చూడమంటారా, ఫొటోలు తియ్యమంటారా? మీరే చెప్పండి."

ఆవిడ చెప్పింది అబద్ధమైతే బాగుండేది. నిజం కావడం వల్ల దానికి ఇంకొంచెం కంపు వచ్చింది.

అక్కడే పిల్లకి డయపర్ మార్పించి, సాయంత్రం దాకా గేటు దగ్గరే నిలబడి వచ్చిన తండ్రులకు సంగతి చెప్పాను. ఒకాయన నా ఫోన్లో చుక్క తోకని శ్రద్ధగా చూసి, "ఫొటో పాతదైతే ఏటి సార్, పిల్ల మనదే కదా" అన్నాడు. ఇంకొకాయన నా చెయ్యి పట్టుకుని పక్కకి తీసుకెళ్లాడు. "గొడవ సెయ్యకండి సార్. ఇది మూసీస్తే మా ఆవిడ ఉద్యోగం పోతాది." ఆయన పిల్లాడు భుజం మీద పడుకుని ఉన్నాడు. ఈగ వాలిన పిల్లాడు వాడే. అక్కడ మాట్లాడిన మగాళ్లలో ఏ ఒక్కరూ 'నా ఉద్యోగం పోతుంది' అనలేదు. పోవాల్సి వస్తే ఎవరిది పోవాలో అందరికీ ముందే తెలుసు.

నా భార్యకీ తెలుసు. ఇంటికొచ్చి, సంగతి విని, పిల్లకి వేణ్నీళ్లు పోసింది. తొడల మధ్య ఒరిసిపోయి ఎర్రగా కమిలి ఉంది. కొబ్బరినూనె రాస్తూ, నా వైపు చూడకుండానే, "రేపు మేనేజరుకి చెప్పేస్తాను" అంది. ఏం చెప్తుందో అడగాల్సిన అవసరం లేదు. చాలా ఏళ్లు చదివి తెచ్చుకున్న కుర్చీని ఆవిడ నూనె సీసా మూత పెట్టినంత మామూలుగా వదిలేస్తోంది.

మా అమ్మకి ఫోన్ చేశాను. విని, "మానిపించీరా. ఎన్నాళ్లు ఈ పరుగులు?" అంది.

"నా చిన్నప్పుడు నువ్వు మాత్రం జూట్ మిల్లులో పనికి వెళ్లలేదేంటమ్మా?"

"ఎల్లినాను. ఎల్లి ఏటి సూసినాను? నీకు పళ్లు ఎప్పుడొచ్చినాయో పక్కింటిదాన్ని అడిగి తెలుసుకున్నాను. అందుకే సెప్తన్నాను."

"అయితే నేను మానేస్తాను."

"సీ! మగోడివి, పిల్ల ముడ్డి కడుగుతా కూకుంటావేటి? నలుగురూ ఏటనుకుంటారు?" అంది.

మర్నాడు కాలేజీలో మానేస్తానని చెప్తే ప్రిన్సిపాల్ గారు ఆ ఛీ నోటితో అనలేదు, మొహంతో అన్నారు. "మేడమ్ గారికి లీవు పెట్టే వీలు లేదా?" అని మాత్రం అడిగారు. ఆ మూసిన గది సంగతి చెప్పినప్పుడు ఎవరూ ఛీ అనలేదు. అయ్యో అన్నారు, ఎక్కడైనా అంతే అన్నారు, సర్దుకోవాలి అన్నారు. వాళ్ల ఛీ అంతా ఒక మగవాడు తన కూతురికి కడుగుతాడన్న మాట కోసం దాచిపెట్టుకున్నారు.

ఇందులో నా త్యాగం ఏమీ లేదు. కామర్సు చెప్పేవాణ్ని కాబట్టి అంతకు ముందు రాత్రే, అమ్మ ఫోను పెట్టేశాక, ఒక లెక్క వేశాను. నా జీతంలోంచి డే కేరు తీసేస్తే మిగిలేది పెట్రోలుకి వస్తుంది. అంటే నేను కాలేజీకి వెళ్లే ఖర్చు కోసమే కాలేజీకి వెళ్తున్నాను. ఇది నా భార్యకి చెప్పి, నేనే మానేస్తానన్నాను.

"వచ్చే నెల కూడా ఈ మాట మీదే ఉంటావా బావా?"

"సాయంత్రాలు నువ్వొచ్చాక ట్యూషన్లు చెప్తాను."

"అది కాదు నేనడిగింది."

"ఉంటాను."

"అయితే లే. పిల్ల మళ్లీ పాడు చేసింది. కడుగు." తలుపుకి ఆనుకుని నిలబడి నేను కడగడం అంతా చూసింది. ఒక్కసారి, "ముందు నుంచి వెనక్కి" అంది. మర్నాడు బ్యాంకుకి వెళ్లింది గానీ మేనేజరుకి ఏమీ చెప్పలేదు.

అలా అధ్యాపకుణ్ని కాస్తా ఆయాపకుణ్ని అయ్యాను. ఆయమ్మ చెప్పింది నిజమే, ఒక్కదానికి కడిగితేనే తెలిసింది. వీధిలో కూరలమ్మే ఆవిడ, "ఉజ్జోగం పోనాదా బాబూ?" అని రోజూ పరామర్శిస్తుంది. పోలేదు, పెరిగింది అంటే నమ్మదు.

ఆ నెలాఖర్లో ఒక మధ్యాహ్నం పిల్లకి పప్పన్నం పెడుతుంటే ఫోను మోగింది. డే కేరు గ్రూపు. నన్ను తీసెయ్యడం వాళ్లు మర్చిపోయినట్టున్నారు. టుడే లంచ్ అని ఫొటో. చాప మీద పిల్లలందరూ వరసగా ఉన్నారు, మధ్యలో గులాబీ గౌనులో నా కూతురు. చెంచా తిన్నగా పట్టుకుంది. ఎడమ బుగ్గ మీద మిరియం గింజంత చుక్క, కింద సన్నటి తోక. ఒకదాని వెనక ఒకటి లవ్ సింబళ్లు పడుతున్నాయి. ఆ రోజు గేటు దగ్గర నా చెయ్యి పట్టుకున్న ఆయన కూడా ఒకటి వేశాడు.

నా ఒళ్లో ఉన్న పిల్ల ఫోనులో ఉన్న పిల్లని చూసి "పాప" అంది, ఎవరి పిల్లో అన్నట్టు. అంటూ పిడికెడు పప్పన్నం నా చెవిలో కూరింది.

అదే చేత్తో ఫొటో తీశాను. కుడి బుగ్గ మీద చింతపిక్కంత చుక్క, గడ్డం దాకా పప్పు, ముక్కులో ఒక మెతుకు. 'ఈ పాప ఇప్పుడు మా ఇంట్లో అన్నం తింటోందండి' అని రాసి గ్రూపులో పెట్టాను.

దానికీ ఒక లవ్ సింబల్ పడింది. చదవకుండానే వేసుంటారు. ఎవరో చూద్దామని నొక్కేలోపు నన్ను గ్రూపులోంచి తీసేశారు.