బల్ల మీద చేతులు

ఆ కృష్ణా పుష్కరాలకి బెజవాడ బట్టల కొట్లవాళ్లు ఒక కట్టడి పెట్టుకున్నారు. లంబాడీ ఆడవాళ్లు బేరానికొస్తే ముందు రెండు చేతులూ బల్ల మీద ఆనించాలి. ఆ తరవాతే చీర మడత విప్పుతారు.

"ఇంత జనంలో సరుకు పోతే పట్టుకోగలమాండీ? వాళ్ల చేతులు ఊరుకోవు," అన్నాడు, బందరు వెళ్లే బొగ్గుతో నడిచే బస్సులో నా పక్కన కూర్చున్న కొట్టు యజమాని.

అవతలి వరస సీట్లో ఒక లంబాడీ ఆమె ఉంది. ఆయన మాట విన్నదో, పొద్దున ఆయన కొట్టుకే వెళ్లి వచ్చిందో తెలియదు. ఎక్కినప్పటి నుంచీ ఆమె రెండు చేతులూ ముందున్న ఇనుప కడ్డీ మీదే ఉన్నాయి. ముఖం మీద ఈగ వాలితే తల విదిలించింది గాని చెయ్యి తియ్యలేదు. కుదుపులకి భయపడుతోంది కాబోలు అనుకున్నాను.

కంకిపాడు దగ్గర కండక్టరు వచ్చి, "టిక్కెట్టు డబ్బులు తియ్యమ్మా," అన్నాడు.

ఆమె అతని వంక చూడలేదు. నా పక్కనున్న ఆయన్ని చూసి, "చెయ్యి తియ్యనా అయ్యా?" అని అడిగింది.

ఆయన కిటికీలోంచి చెరుకు తోటలు చూడసాగాడు. కండక్టరు చెయ్యి చాపి నిలబడే ఉన్నాడు.

చివరికి నేనే, "తియ్యమ్మా," అన్నాను.

ఆమె తీసింది. అనుమతి ఇవ్వడానికి నేనెవర్నో నాకిప్పటికీ తెలియదు.