పేర్లు లేని యుద్ధం

నా చిన్నప్పుడు అమెరికాలో, మేముండే ఫ్రీమాంట్‌లో మాకంటూ మసీదు లేదు. టైర్ల షాపు వెనక ఒక హాలు అద్దెకు తీసుకుని శుక్రవారాలు పెద్దవాళ్ళు నమాజు చేసుకునేవాళ్ళు, ఆదివారాలు పిల్లలకు క్లాసులు పెట్టేవాళ్ళు. సున్నీలూ షియాలూ ఒకే వరసలో నిలబడేవాళ్ళు. నేలకు వంగి సజ్దా చేసేటప్పుడు నుదుటి కింద చిన్న మట్టిబిళ్ళ పెట్టుకునేవాళ్ళు షియాలు, పెట్టుకోనివాళ్ళం మేము. అంతకుమించి నాకు తేడా తెలియదు. రబ్బరు వాసన మాత్రం అందరికీ ఒకేలా వచ్చేది.

నాకు పదేళ్ళున్న ఏడు, ముహర్రంలో శోకసభలు ఆ హాల్లోనే జరుపుకుంటామని షియా కుటుంబాలు అడిగాయి. మావాళ్ళలో కొందరు కుదరదన్నారు. రెండు వారాల్లో కమిటీ కూర్చుని తేలుస్తుందని అన్నారు. హాలు కలిసి ఉంటుందా, చీలుతుందా అన్నది పెద్దవాళ్ళ గొడవ. నా బెంగ ఒక్కటే. చీలితే నా స్నేహితురాలు ఇక రాదు. ఆ అమ్మాయిది హైదరాబాదు నుంచి వచ్చిన షియా కుటుంబం. ఆ పిల్లలందరిలో తెలుగు వచ్చింది మా ఇద్దరికే. ఎవరిమీదైనా జోకులేసుకోవాలంటే మాకు గుసగుసలాడే పని ఉండేది కాదు.

మేం దూదేకులవాళ్ళం, ఇంట్లో తెలుగే మాట్లాడతాం. మా తాతయ్య మార్కాపురం వైపు హైస్కూల్లో సోషల్ మాస్టారుగా పనిచేసి, రిటైరయ్యాక మా దగ్గరకు వచ్చి ఉన్నాడు. పీర్ల పండగకు నిప్పుల గుండం తొక్కితే పుణ్యం ఎలా వస్తుందో చెప్పమని వీధి సభల్లో పెద్దపెద్దవాళ్ళను నిలదీసిన మనిషి. ప్రశ్న అడిగితే దేవుడికి కోపం రాదు, దేవుడి పేరు చెప్పి బతికేవాడికి వస్తుంది అనేవాడు. నాచేత తెలుగు అక్షరాలు దిద్దించింది ఆయనే, వాదించడం నేర్పింది కూడా ఆయనే.

కమిటీ కూర్చోవడానికి వారం ముందు, ఆదివారం క్లాసు చెప్పే అంకుల్ ఊళ్ళో లేడు. సున్నీలూ షియాలూ వేరవడానికి మూలమైన పాత యుద్ధం కథ నేను చెప్తానన్నాడు తాతయ్య. ఆయనకు ఇంగ్లీషు అంతంతమాత్రం కాబట్టి ఆయన తెలుగులో చెప్పేది నేను ఇంగ్లీషులో చెప్పాలి. కార్లో వెళ్తుండగా నాకొక షరతు పెట్టాడు.

"పేర్లు చెప్పొద్దు తల్లీ. ఒక్క పేరు కూడా. పేరు వింటే పిల్లలు ఆలోచించరు, ఇంట్లో విన్నది ఒప్పజెప్పేస్తారు. పిల్లలు కలిసి ఒక మాటంటే, ఆ మాట పట్టుకుని నేను కమిటీలో మాట్లాడతాను."

ఆ తెలివికి నేను మురిసిపోయాను.

ఒక ముసలాయన ఒక రాజ్యాన్ని పాలించేవాడు, తిరగబడినవాళ్ళు ఆయన్ని సొంత ఇంట్లోనే చంపేశారు, అని మొదలుపెట్టాడు తాతయ్య. తర్వాత జనం ఇంకొకాయన్ని నాయకుడిగా ఎన్నుకున్నారు. చనిపోయినాయన చుట్టమొకడు దూరప్రాంతంలో గవర్నరుగా ఉన్నాడు. ముందు హంతకుల్ని శిక్షించు, తర్వాతే నిన్ను ఒప్పుకుంటాను అన్నాడు గవర్నరు. ముందు నన్ను ఒప్పుకో, రాజ్యం కుదుటపడ్డాక శిక్షిస్తాను అన్నాడు నాయకుడు. రెండు సైన్యాలూ ఒక నది ఒడ్డుకు చేరాయి. గవర్నరు మనుషులు ముందుగా వచ్చి నీళ్ళు ఆపేశారు. నాయకుడి మనుషులు కొట్లాడి ఒడ్డు గెలుచుకున్నారు, కానీ ఆయన మాత్రం ఇద్దరూ తాగండి అన్నాడు. నేను ఒక్కో వాక్యం ఇంగ్లీషులోకి మారుస్తుంటే పిల్లలు నోరు తెరుచుకుని వింటున్నారు.

"మరి లాయర్ని పెట్టుకోవచ్చుగా?" అన్నాడు వెనక కూర్చున్న ఒక పిల్లాడు.

నేను తెలుగులో చెప్పగానే తాతయ్య గట్టిగా నవ్వాడు. "పెట్టుకున్నారు నాయనా! ఓడిపోయేలా ఉన్న గవర్నరు మనుషులు ఈటెలకు ఖురాన్ పుటలు కట్టి పైకెత్తితే, యుద్ధం ఆపి, ఇద్దరు మధ్యవర్తులను పెట్టుకున్నారు. అయితే నాయకుడి వైపు వాళ్ళలోనే కొందరికి కోపం వచ్చింది. తీర్పు దేవుడిదే, మనుషులదేంటని విడిపోయారు. రెండు ముక్కలైంది మూడు ముక్కలైంది."

తర్వాత చేతులెత్తమన్నాడు. కూర్చుని మాట్లాడుకోవడమే మంచిదనేవాళ్ళు ఎందరని అడిగితే దాదాపు అందరూ ఎత్తారు. తాతయ్య మొహం వెలిగిపోయింది. అక్కడ ఆపి ఉంటే బాగుండేది. కానీ వాదన రుచి మరిగిన మనిషి. తప్పు నాయకుడిదా, గవర్నరుదా అని కూడా అడిగాడు. నీళ్ళు ఆపడం చీటింగ్ అని కొందరన్నారు. గెలుస్తూ గెలుస్తూ ఆపడం నాయకుడి తప్పే అని ఒక షియా పిల్లాడు నవ్వుతూ చెయ్యెత్తాడు. మట్టిబిళ్ళల లెక్కన కాకుండా బుద్ధికి తోచినట్టు చేతులు లేచాయి.

నా స్నేహితురాలు మాత్రం చెయ్యెత్తలేదు. రెండుసార్లూ ఎత్తలేదు. తాతయ్య వంగి, నీకేమనిపిస్తోందమ్మా అని అడిగాడు. ఆ పిల్ల తెలుగులోనే, మెల్లగా చెప్పింది.

"నాకు పేర్లు తెలుసు తాతా. నీళ్ళ మాట దగ్గర్నే తెలిసింది. ఆ నాయకుని కొడుకునే కదా తర్వాత కర్బలాల నీళ్ళియ్యకుండ చంపిన్రు. మా అమ్మ ప్రతి సంవత్సరం ఏడుస్తది. చెయ్యి ఎట్ల ఎత్తాలె?"

మిగతా పిల్లలు ఏమంటోంది, ఏమంటోంది అని నన్ను అడిగారు. నేను మార్చి చెప్పలేదు. వీధి సభల్లో ఎవరికైనా తడుముకోకుండా జవాబిచ్చిన తాతయ్య, ఆ పదేళ్ళ పిల్ల తల నిమిరి, క్లాసు అక్కడితో ముగించేశాడు.

సాయంత్రానికి ఫోన్లు మొదలయ్యాయి. ప్రవక్తతో కలిసి బతికినవాళ్ళ మీద పసిపిల్లలతో తీర్పు చెప్పిస్తారా అని మావాళ్ళు. మా మొదటి ఇమామైన ఆ నాయకుణ్ణి ఆ గవర్నరు పక్కన నిలబెట్టి ఎవరిది తప్పని అడుగుతారా అని షియాలు. అన్నాళ్ళూ ఒక్క మాట మీద నిలవనివాళ్ళు తాతయ్యను తిట్టడంలో మాత్రం ఏకమయ్యారు.

తనను నా స్నేహితురాలి ఇంటికి తీసుకెళ్ళమని తాతయ్య నాన్నను అడిగాడు. "ఇప్పుడొద్దు నాన్నా. మీరు వెళ్తే ఇంకా ఇష్యూ అవుతుంది" అన్నాడు నాన్న. తాతయ్యకు డ్రైవింగ్ రాదు. రెండు రోజులు చూసి, నా చెయ్యి పట్టుకుని నడిచి బయల్దేరాడు. కార్లు రయ్యిన పోతుంటే రోడ్డు వారన గడ్డిలో నడిచాం.

తలుపు తీసింది వాళ్ళమ్మ. లోపలికి పిలిచి టీ ఇచ్చింది. వాళ్ళ నాన్న గదిలోంచి బయటకు రాలేదు. తాతయ్య చేతులు జోడించాడు. ఆవిడ కంగారుగా వారించింది.

"అట్ల చెయ్యకుండ్రి మాస్టర్ సాబ్. మీ మీద కోపం లేదు. మీ మనసు నాకు ఎరికే. కానీ మా ఇంట్ల పోయిన మనిషిని తప్పా ఒప్పా అని నలుగురిట్ల వోటుకు పెట్టినట్టైంది."

అంత పాతకాలం మనుషులు కదమ్మా అన్నాడు తాతయ్య, ఇంకా వాదిస్తూ కాదు, దారి వెతుక్కుంటూ.

"మీకు పాతకాలం. మాకు ప్రతి సంవత్సరం నిన్ననే పోయినట్టుంటది."

నా స్నేహితురాలు లోపలి గుమ్మం దగ్గరే ఉంది. నన్ను చూసింది. నేను తెలుగులో ఏదన్నా జోకు వెయ్యాలనుకున్నాను. ఒక్కటీ రాలేదు.

ఆదివారం కమిటీ, శోకసభలకు హాలు ఇవ్వడం కుదరదని అరగంటలో తేల్చేసింది. షియా కుటుంబాలు ఎవరిదో గరాజ్‌లో కలుసుకోవడం మొదలుపెట్టాయి. వరసలో వాళ్ళు నిలబడే చోట మావాళ్ళు కాస్త ఎడంగా సర్దుకుని నిలబడ్డారు. ఆ అమ్మాయి కూడా ఇంక రాలేదు. ఎలాగూ చీలేదే, మీ వల్ల కాదు అని నాన్న చాలాసార్లు చెప్పాడు. తాతయ్య వినేవాడు.

నేను తర్వాత ఆయనలాగే తయారయ్యాను. మూఢత్వాన్ని చూస్తే ఈ వయసులోనూ ఊరుకోలేను. ప్రశ్నించడం తప్పని ఏ రోజూ అనుకోలేదు, ఇప్పుడూ అనుకోను. ఆ ఆదివారం పిల్లలు బుద్ధితో ఆలోచించారు, అది నిజం. ఆ పిల్ల చెయ్యి లేవలేదు, అదీ నిజమే. ఈ రెండు నిజాలనూ ఒకచోట కూర్చోబెట్టే వాదన నాకు ఇంతవరకూ దొరకలేదు. సభలో మాట్లాడటానికి లేచినప్పుడల్లా, నేను చెప్పబోయే కథలోని మనిషి ఎవరింట్లో పోయాడో అని ఎదురుగా ఉన్న మొహాల్లో వెతుక్కుంటాను. ఒక్కోసారి కనిపిస్తారు. చెప్పవలసింది చెప్తూనే ఉంటాను కానీ, వాళ్ళ వైపు చూడలేను.