ల్యాంప్ రూంలో పాత లైబ్రరీ

నిన్న ఫోన్‌లో ఓ ఆహ్వానం వచ్చింది. మా గనిలో కంప్యూటర్ల పని చూసిన సారు రిటైరవుతున్నాడట, సన్మానమట, నేనొచ్చి నాలుగు మంచి మాటలు చెప్పాలట. నాలుగు కాదు కదా, ఒక్కటి కూడా నా దగ్గర లేదు. ఆ మనిషంటే నాకు అసహ్యం. పదేళ్లు దాటినా ఇసుమంత తగ్గలేదు.

తెలంగాణ రాష్ట్రం రావడానికి రెండేళ్ల ముందు గోదావరిఖని బొగ్గుగనిలో నేను కాంట్రాక్టు మీద ప్రోగ్రాములు రాసేవాణ్ణి. గనిలోకి దిగేవాడు ల్యాంప్ రూంలో తలలైటు తీసుకుని, తన నంబరున్న ఇత్తడి బిళ్లను అక్కడి బోర్డుకు తగిలిస్తాడు. పైకొచ్చాక లైటు ఇచ్చి బిళ్ల తీసుకుంటాడు. షిఫ్టు అయ్యాక బిళ్ల మిగిలిందంటే మనిషి కిందే ఉన్నట్టు. ల్యాంప్ రూం చూసుకునే పెద్దాయన్ని అందరం కాక అనేవాళ్లం. పెద్దగా చదువుకోలేదు గానీ, బోర్డు వైపు ఒక్క చూపు చూసి ఎవరు రాలేదో చెప్పేసేవాడు. సారుకు ఆ బిళ్లలంటే నామోషీ. వాటి బదులు నా ప్రోగ్రాము పెట్టాలన్నాడు. లైటు ఇచ్చిన, తిరిగొచ్చిన సమయాలు ఎక్కించుకుని, షిఫ్టు అయ్యాక కింద ఎవరైనా మిగిలారేమో అది చెప్పాలి.

పరీక్షలు ఆయన కొత్త ల్యాప్‌టాప్‌లో, వర్చువల్ మెషీన్‌లో చేశాం. అంటే కంప్యూటర్ లోపలే ఇంకో కంప్యూటర్ ఉన్నట్టు నడిపించడం. అది ల్యాంప్ రూం కంప్యూటర్‌కి అచ్చంగా నకలైతేనే పరీక్షకు అర్థం. మా దాంట్లో సిస్టమ్ లైబ్రరీలు, అంటే ప్రోగ్రాములన్నీ ఆధారపడే సరంజామా, సరికొత్తవి. ల్యాంప్ రూంలో బొగ్గుపొడి తాగిన ఆ ముసలి డబ్బాలోవి ఏళ్లనాటివి.

"వెర్షన్లు కలుస్తలేవు సార్. ఆ డబ్బా మీదనే ఒక్కసారి చూడాలె" అన్నాను.

"పాసయిందా లేదా? సంతకం పెట్టు. నీ పనికి మస్తుమంది ఉన్నరు" అన్నాడు.

పెట్టాను. బిళ్లల బోర్డు పీకేశారు.

నాలుగో రోజు మొదటి షిఫ్టు ముగిసింది. తెర మీద 'కింద ఎవరూ లేరు' అని వచ్చింది. కాక మాత్రం లైట్లు చార్జింగు పెట్టే గూళ్లలో ఒకటి ఖాళీగా ఉందని పట్టుబట్టాడు.

"సిస్టమ్ తప్పు చెప్తదా, ముసలోడా? ఎవడో లైటు ఇంటికి పట్టుకపోయిండు" అని సారు కసిరాడు.

"సిస్టమ్ గనిలకు దిగుతదా సార్? మనిషి దిగిండు" అన్నాడు కాక.

ఆ షిఫ్టులో దిగినవాళ్లను అడిగితే, కనపడనివాళ్లు ముందే పైకొచ్చేశారనుకున్నామన్నారు. అలా రెండు గంటలు గడిచాయి. చివరికి కాక పోయి మేనేజరు గది ముందు గొడవకు దిగితే రెస్క్యూ వాళ్లను దించారు. కూలిన కప్పు కింద కాలు నలిగి పడున్నది మా బావ, మా అక్క మొగుడు. ప్రాణం దక్కింది. కాలు మోకాలి కింద తీసేశారు. "జర జల్ది తెస్తే కాలు కూడా దక్కేది" అన్నారు దవాఖానలో.

మర్నాడు ఆ డబ్బాలో ప్రోగ్రామును విప్పి చూశాను. లైటు తిరిగిచ్చిన సమయం ఖాళీగా ఉంటే కొత్త లైబ్రరీ 'రాలేదు' అని చదువుతోంది. పాతది ఆ ఖాళీని సున్నా చేసి, అదీ ఓ సమయమే అనుకుని 'వచ్చాడు' అంటోంది.

విచారణలో సారు నా సంతకం చూపించి నిక్షేపంగా బయటపడ్డాడు. ఆయన్ని తిట్టుకున్నంతసేపూ నాకు హాయిగా ఉంటుంది. అందుకే ఇన్నేళ్లుగా తిట్టుకుంటూనే ఉన్నాను. ఆ రెండు గంటలూ నేను కాక పక్కనే, వెర్షన్లు కలవలేదని తెలిసీ, ఉద్యోగం పోతుందన్న భయంతో నోరు మూసుకుని నిలబడ్డానని బావకు ఇంతవరకు చెప్పలేదు. మొదటి ఏడాదిలో చెప్పేయగలిగేవాణ్ణేమో. ఏళ్లు గడిచేకొద్దీ ఆ మాట ఇంకా బరువెక్కుతోంది.