కుంకుమ పట్టిన బ్రేకు

దేవుడు లేడని వాదించి గెలవడం తేలిక. పాత ట్రాక్టరుకు హ్యాండ్‌బ్రేకు ఉందని నిరూపించడమే కష్టం. ఆ రెండో పనిని మా పిన్నమ్మ నా నెత్తిన పెట్టింది.

పిన్నమ్మది నగరం అంచున ఉన్న కాడుగోడి. ఒకప్పుడు రాగిచేలు దున్నిన ఆమె ట్రాక్టరు, ఆ చేలల్లో అపార్టుమెంట్లు మొలిచాక వాటికే నీళ్ళ ట్యాంకరు లాగుతోంది. చిన్నాయన పోయాక స్టీరింగు ఆమె చేతికి వచ్చింది. కుందలహళ్ళి దగ్గర ఒక అపార్టుమెంటు గేటు ముందు నేల ఏటవాలుగా ఉంటుంది. అక్కడ ఆమె బండి ఆపి, దిగి, పైపు తగిలించేలోపు బండి మెల్లగా వెనక్కి జారి, అపార్టుమెంటు సెక్రటరీ ముద్దుగా పెంచుకుంటున్న పూలకుండీలను నలిపేసింది. ఆదివారంలోగా బ్రేకు నిలబెట్టి చూపించకపోతే నీళ్ళ పని వేరేవాళ్ళకు ఇస్తామని అతను చెప్పేశాడు. పిన్నమ్మకు ఆ పనే తిండి పెడుతోంది.

ఆ బండిలో హ్యాండ్‌బ్రేకు పెద్ద యంత్రమేమీ కాదు. కాలితో బ్రేకు తొక్కి, పక్కనున్న పిడి లాగితే, ఒక ఇనుప కొక్కెం రంపంలాంటి పళ్ళ పట్టీలో పడి పెడలును లేవనివ్వకుండా పట్టుకుంటుంది. వంగి చూశాను. పళ్ళు కనబడలేదు. ఏటా ఆయుధపూజకు పూసిన పసుపు, కుంకుమ, నూనె, వాటిమీద దుమ్ము, దానిమీద మళ్ళీ కుంకుమ కలిసి గట్టిపడి ఎర్రటి గోడ కట్టేశాయి.

నా ఆనందం అంతా ఇంతా కాదు. మూఢనమ్మకం దేన్నీ ముందుకు పోనివ్వదని ఎన్నో సభల్లో గొంతు చించుకున్నాను. ఇక్కడ అది వెనక్కి పోయేదాన్ని కూడా ఆపలేకపోతోంది!

"చూడు పిన్నమ్మా, నీ భక్తి బ్రేకును మింగేసింది."

"బ్రేకుకు బొట్టు పెడితే తప్పేమప్పా? నీకంటే వయసులో పెద్దది అది."

"ఇది బొట్టా? గోడ!"

"సుమ్నే, ఊరకే మాట్లాడేకన్నా గీకరాదా?"

డీజిలు పోసి, వైరు బ్రష్షుతో గీకాను. గీకినంతసేపూ ఉపన్యాసం ఆపలేదు. పళ్ళు బయటపడ్డాక పిన్నమ్మను సీట్లో కూర్చోబెట్టి, ఇంటి ముందు వాలులో కొక్కెం వేయించాను. ఇంతకు ముందు బండి ఆలోచించి జారేది. ఇప్పుడు ఆలోచించకుండా జారింది. ఆమె బ్రేకు తొక్కింది కాబట్టి పక్కింటి గోడ దక్కింది.

"ఏమప్పా మేధావీ! ఇన్నేండ్లు పట్టుకోనుండింది కుంకుమేనేమో!"

నొప్పించే సంగతేమిటంటే, అది నిజం. పళ్ళు అరిగిపోయి ముసలి చిగుళ్ళలా నున్నగా ఉన్నాయి. గట్టిపడిన కుంకుమే కొక్కేనికి కాస్త పట్టు ఇస్తూ వచ్చింది. ప్రయోగం మనకు వ్యతిరేకంగా తీర్పు చెప్పినప్పుడు ఒప్పుకోకపోతే నాకూ పూజారికీ తేడా ఏముంది? ఒప్పుకున్నాను. సరిగా వినబడలేదని పిన్నమ్మ మళ్ళీ చెప్పించుకుంది.

పట్టీ విప్పి, వెల్డింగు షాపులో అరిగిన పళ్ళమీద ఇనుము పోయించాను. మూడు పలకల ఆకురాయితో ఒక్కో పంటినీ పదును తేల్చాను. కొక్కెం మొన సరిచేసి, కొత్త స్ప్రింగు వేసి, రెండు చక్రాల బ్రేకు కడ్డీలను సమానంగా బిగించాను. అలా బిగించకపోతే ఒక చక్రం ఒప్పుకున్నా రెండోది వాదిస్తూనే ఉంటుంది. ఇకమీదట పళ్ళను పొడి గుడ్డతో తుడవడమే తప్ప ఏదీ పూయకూడదనీ, బొట్టు బానెట్టుకు ఎంత పెద్దదైనా పెట్టుకోవచ్చనీ మా మధ్య సంధి కుదిరింది.

ఆదివారం నిండు ట్యాంకరుతో గేటు ముందుకు వెళ్ళి, చక్రాల వెనక రాళ్ళు పెట్టి ఆపాం. సెక్రటరీ మన తెలుగు కుర్రవాడే.

"నాకు పర్సనల్‌గా ప్రాబ్లం లేదు ఆంటీ. సేఫ్టీ ఇష్యూ, అంతే."

పిన్నమ్మ కొంగు నడుముకు దోపింది. వాచ్‌మన్ కూర్చునే ప్లాస్టిక్ కుర్చీ తీసుకెళ్ళి, వాలు దిగువన, సరిగ్గా ట్యాంకరు వెనక వేసుకుని కూర్చుంది.

"పిన్నమ్మా, లెయ్యి!"

"ఎందుకు? మా అక్క కొడుకు రిపేరి చేసినాడు. నాకు నమ్మకం ఉండాది."

జీవితమంతా నమ్మకాన్ని తిట్టినవాణ్ణి. అది వచ్చి నామీదే కూర్చుంటే ఎంత బరువుంటుందో అప్పుడు తెలిసింది.

"నన్ను నమ్మొద్దు పిన్నమ్మా, దణ్ణం పెడతా!"

"సార్, రిపేర్ చేసిన మీకే కాన్ఫిడెన్స్ లేదా?" అన్నాడు సెక్రటరీ.

"పరీక్ష కాకముందు ఎవరికీ ఉండకూడదయ్యా!" అని అరిచాను.

ఆమె గొణుగుతూ లేచి పక్కకు వచ్చింది. నేను సీట్లో కూర్చుని, బ్రేకు తొక్కి, రాళ్ళు తీయించి, పిడి లాగి, కాలు తీశాను. బండి బెత్తెడు వెనక్కి ఒరిగింది. కొక్కెం టక్కుమని పంటిలో కూర్చుంది. బండి ఆగింది. సెక్రటరీ ముందునుంచి తోశాడు. వాచ్‌మన్‌ను పిలిచి ఇద్దరూ కలిసి తోశారు. కదల్లేదు.

"ఓకే ఆంటీ. రేపట్నుంచి మీరే రండి."

పిన్నమ్మ కుర్చీ మళ్ళీ లాక్కెళ్ళి అదే చోట కూర్చుంది.

"ఓకే అన్నాను కదా ఆంటీ, లేవండి!"

"ఉండప్పా. అప్పుడు నమ్మి కూర్చుంటి, వీడు లేపినాడు. ఇప్పుడు చూసి కూర్చున్నా. ఇప్పుడు లేపమను, చూస్తాం."