రోడ్డుకి వీపు పెట్టిన డ్రైవరు

మా స్నేహితుడొకడు సిటీ బస్సు నడుపుతాడు. వాణ్ణి మేం స్టీరింగు అంటాం. చేతిలో ఏమీ లేకపోయినా రెండు చేతులూ గుండ్రంగా పట్టుకుని కూర్చుంటాడు. సినిమా హాల్లోనూ అంతే, పక్కసీటు వాళ్లు కంగారుపడి జరిగి కూర్చుంటారు. నడిచి వెళుతూ సందు మలుపు తిరిగినా చెయ్యి చాపి సిగ్నలివ్వందే తిరగడు.

వాడి భార్య ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఉతికి మడతపెట్టే పని చేస్తుంది. మాకు వదిన. నలుగురు కనబడితే చాలు, ఆమె చెప్పే కథ ఒకటుంది. ఒక వానరోజు డ్యూటీకి ఆలస్యమై, ఎప్పుడూ ఎక్కని రూటు బస్సు కోసం పరిగెత్తిందట. తీరా చూస్తే ఆ బస్సు మొగుడిదే. టైమైపోయిందని తలుపేసుకుని పోయాడు.

"అద్దంలో నన్ను చూశారు. గుర్తుపట్టారు కూడా. టాటా చెప్పారు మహానుభావుడు!"

"టాటా కాదు, పక్కకి జరగమని చెయ్యి ఊపాను," అంటాడు స్టీరింగు ప్రతిసారీ. ఆ సవరణతో తన పరువు ఇంకాస్త పోతోందని వాడికి ఇప్పటికీ తెలీదు.

ఈసారి వేసవి చివర్లో మా పళ్ల డాక్టరు సరస్సు ఒడ్డున ఉన్న తన ఇంటికి అందర్నీ పిలిచాడు. ఊళ్లోవాళ్ల పళ్లు పీకి కొన్న ఇల్లది. అందులో నావి కూడా ఉన్నాయి కాబట్టి కిటికీ పక్క మంచం నాదేనని ముందే చెప్పేశాను. తినడం, కునకడం, తడి తువ్వాళ్లు కుర్చీల మీద పడెయ్యడం, ఇదే మా పని. వదిన మాత్రం ఆ తువ్వాళ్లన్నీ ఏరి మడతలు పెడుతూనే ఉండేది.

"సెలవులమ్మా వదినా, కాస్త కూర్చో," అన్నాను.

"కూర్చునే పెడుతున్నానుగా," అంది.

ఒక సాయంత్రం వరండాలో అందరం ఉండగా, అవతలి ఒడ్డున కనిపిస్తున్న పసుప్పచ్చ పూల గుట్టని చూపించి, "అక్కడికెళితే ఎంత బావుంటుందో," అంది వదిన.

"నేను తీసుకెళతా," అన్నాడు స్టీరింగు, గబుక్కున.

"మీరా? తలుపు లేని బండయితే ఎక్కుతా."

అందరం పొట్టలు పట్టుకుని నవ్వాం. వాడు నవ్వలేదు.

ఆఖరి రోజు పొద్దున్నే వచ్చి నన్ను లేపాడు. "ఒరేయ్, రేపట్నుంచి డ్యూటీ. ఊరందర్నీ తిప్పాను గానీ, దాన్ని కూర్చోబెట్టుకుని ఒక్కసారీ నడపలేదురా. ఇవాళ అవతలికి తీసుకెళ్లి తీరాలి."

సరస్సు మీదికి సాగిన చెక్కల వంతెనకి డాక్టరు గారి చిన్న పడవ కట్టి ఉంది. స్టీరింగు తాడు విప్పి, దర్జాగా ఎక్కి, ముందుకి చూస్తూ కూర్చుని, తెడ్లు పట్టుకున్నాడు. పడవ గానుగెద్దులా ఉన్నచోటే తిరిగింది.

"వెనక్కి తిరిగి కూర్చోరా! తెడ్డు లాగితే పడవ వీపు వైపుకి పోతుంది," అని డాక్టరు అరిచాడు.

"రోడ్డుకి వీపు పెట్టి నడపడమా? డిపోలో వింటే తన్ని తరిమేస్తారు!"

ఇలాంటప్పుడు నాలాంటివాడు ఊరుకోకూడదు కదా. ఎలా కూర్చోవాలో చూపిస్తానని ఒక కాలు పడవలో వేశాను. రెండో కాలు చెక్కల మీదే ఉంది. పడవ నా సంగతి పట్టించుకోకుండా తన దారిన తాను పోయింది.

"ఏమండీ, పొద్దున్న స్నానం అయిందన్నారుగా!" వరండాలోంచి మా ఆవిడ గొంతు.

డాక్టరు గారి ప్యాంట్లేవీ నా నడుముకి పట్టలేదు. వాళ్లావిడ గులాబీ పూల నైటీ ఒక్కటే పట్టింది. దాని గురించి ఇంతకన్నా చెప్పను.

డాక్టరు పడవని మళ్లీ చెక్కల దగ్గరికి లాగేసరికి, ఆ గొడవకి వదిన వచ్చింది. మొగుడి మొహం చూసింది. చేతిలోని తువ్వాళ్లతో సహా పడవెక్కి, వెనక పలక మీద కూర్చుంది. "నాకు ఎదురుగా తిరిగి కూర్చోండి. దారి నేను చూస్తా, మీరు తెడ్డెయ్యండి."

వాడు కాసేపు తటపటాయించి, ఉద్యోగం పోతే పోయిందన్నట్టు వెనక్కి తిరిగాడు. పడవ కదిలింది.

"ఎడమకి!"

"ఎవరి ఎడమకే?"

"పడవ ఎడమకి! అబ్బ, ఎవరిచ్చారండీ మీకు లైసెన్సు?"

అరుపులు దూరమయ్యాయి. సగం దూరం వెళ్లాక పూర్తిగా ఆగిపోయాయి. పడవ నెమ్మదిగా గుండ్రంగా తిరగసాగింది.

"పోట్లాడుకున్నారంటావా?" అన్నాడు డాక్టరు. పిట్టల్ని చూసే దుర్భిణి తెచ్చి నా చేతికిచ్చాడు.

చూశాను. వదిన తువ్వాళ్ల మడత తల కింద పెట్టుకుని, నోరు కాస్త తెరుచుకుని, హాయిగా నిద్రపోతోంది. దారి చెప్పేవాళ్లు లేక స్టీరింగు ఒకే తెడ్డుని చప్పుడు కాకుండా నీళ్లలో ఆడిస్తున్నాడు. ఆమె మొహం మీంచి కళ్లు తిప్పడం లేదు. పాపం, ఇన్నేళ్లూ బస్సెక్కిన వాళ్లంతా వాడి వీపు వెనకే కూర్చున్నారు.

"ఒరేయ్, పూలు అటురా!" అని అరిచాను. వాడు నోటి మీద వేలు పెట్టుకున్నాడు.

వంట చల్లారిపోయింది. చివరికి గాలే పడవని ఇవతలికి తోసుకొచ్చి చెక్కలకి కొట్టింది. వదిన ఉలిక్కిపడి లేచింది.

"అవతలికి వచ్చేశామా?"

"వెళ్లి వచ్చేశాం కూడా," అన్నాడు స్టీరింగు. మేమంతా అర్జెంటుగా ఆకాశం చూశాం.

"ఎలా ఉంది అక్కడ?"

"ఇక్కడిలాగే ఉంది."

వదిన వాణ్ణి ఎగాదిగా చూసింది. "అబద్ధమాడటం కూడా చేతకాదు ఈ మనిషికి. ఏదీ, నాకోసం ఒక్క పువ్వయినా కోసుకు రాలేదే?"

వాడు తెడ్ల వంక చూసుకున్నాడు. "నిన్ను లేపబుద్ధి కాలేదే," అన్నాడు, నెమ్మదిగా.

వదిన తువ్వాళ్ల మడత ఒళ్లోకి తీసుకుంది. "చేతులు పట్టేశాయా?" అని అడిగింది.

"లేదు."

"అయితే నేను దిగను. పోనివ్వండి."

"వదినా, భోజనం..." అన్నాను.

"నువ్వు తిను బాబూ. నైటీ వదులుగానే ఉందిగా!"

పడవ మళ్లీ కదిలింది. ఈసారి గుండ్రంగా తిరగలేదు. పసుప్పచ్చ గుట్ట మీద ఇద్దరు చిన్న మనుషులు కనబడేదాకా చూసి, వాళ్ల వంతు భోజనం కూడా మేమే తినేశాం.