నాలుగు చేతుల లెక్క

2015 ఆగస్టు 29, శనివారం. ఉదయం 7 గంటల 40 నిమిషాలు. ఉష్ణోగ్రత 14 డిగ్రీలు, ఆకాశమంతా మబ్బు, ఎడతెరిపి లేని తుంపర. ఇల్ఫర్డ్ అనే ఇంగ్లీషు ఊళ్ళో ఒక ఆరుబయలు ఈతకొలను గట్టున గొడుగు వేసుకుని నిలబడి, ఒక మనిషి రెండేళ్ళ కష్టాన్ని నాశనం చేయడానికి నేను సిద్ధంగా ఉన్నాను. ఆ సంగతి అప్పటికి నాకు తెలియదు. నా అజ్ఞానాన్ని కూడా సమయంతో సహా నమోదు చేయడం నా అలవాటు గనుక ముందే చెబుతున్నాను.

మా తెలుగువారి వేసవి ఈత జట్టు 2008లో పదకొండు మంది పిల్లలతో మొదలైంది. మొదటి నాలుగు వేసవులు కోచ్ రత్నకుమారి గారు. గుంటూరు జిల్లా నుంచి వచ్చిన నర్సు. చర్చిలో పాటకైనా, కొలనులో కేకకైనా మైకు అక్కరలేని గొంతు. తరువాతి రెండు వేసవులు మురళి, కరీంనగర్ నుంచి ఎమ్మెస్సీ చదవడానికి వచ్చి ఇక్కడే ఉద్యోగంలో కుదురుకున్న కుర్రవాడు. 2014 నుంచి సుష్మ. ఇక్కడే పుట్టిన పిల్ల. ఆమె మాట ఇంగ్లీషులో బయలుదేరి, పెద్దలు కనబడితే తెలుగులోకి మళ్ళుతుంది.

వేసవి ఆఖరి రోజున పాత, కొత్త కోచ్‌లు ముగ్గురూ తలా వంద లెంగ్త్‌లు ఈదాలన్నది సుష్మ ఆలోచన. ఈ గట్టు నుంచి ఆ గట్టుకు చేరితే ఒక లెంగ్త్. మిగతా ఇద్దరికీ అది సరదా. రత్నకుమారి గారికి కాదు. 2013లో ఆమెకు రొమ్ము ఆపరేషన్ జరిగింది. ఎడమ చెయ్యి భుజం దాటి లేవడానికి పదకొండు నెలలు పట్టింది.

"వంద తిరిగితే నేను బాగయినట్టు అన్నయ్యగారూ," అన్నారు ముందురోజు. "జీపీ డాక్టరు ఎన్ని కాగితాలిచ్చినా నాకు నమ్మకం కుదర్లా. ఈ ఒక్కటీ అయిపోతే కుదురుద్ది." ఆ మరుసటి వారం ఆమె నాటింగ్‌హామ్‌లో కూతురి దగ్గరికి మారిపోతున్నారు. కొలను కూడా ఆదివారం నుంచి మరమ్మతులకు మూతపడుతోంది. అంటే అవకాశం ఒక్కటే.

లెక్క పెట్టే బాధ్యత నాది. గణాంక శాఖలో ముప్పై మూడేళ్ళు పనిచేసినవాణ్ణి. ఒకరి ఇంట భోజనానికి వెళ్ళినా విస్తళ్ళు లెక్కపెట్టకుండా కూర్చోలేని జబ్బు నాది.

"అంకుల్, ఫోన్‌లో కౌంటర్ యాప్ ఉంది. జస్ట్ ట్యాప్ చేయండి," అంది సుష్మ.

"ఫోనుకు బ్యాటరీ అయిపోతుందమ్మా. వేలికి అయిపోదు."

"పోనీ పేపర్?"

తెచ్చిన కాగితం అప్పటికే నానిన అటుకుల్లా ఉంది. దాన్ని చూపించి నా కుడిచేయి చాచాను. నాలుగు వేళ్ళు, వేలికి మూడేసి కణుపులు, మొత్తం పన్నెండు. ఎనిమిది చేతులు నిండి మరో నాలుగు కణుపులు దాటితే వంద. ఇంతకన్న నిక్కచ్చి పద్ధతి లోకంలో లేదని నా నమ్మకం. ఆనాటి నా గర్వాన్ని కొలనులో పోస్తే నీళ్ళు గట్టు దాటి పొర్లేవి.

సుష్మ వంద పూర్తిచేసింది. తరువాత మురళి. "సార్, గిదేం లెక్కనో ఏమో, నాకైతే నూటయాభై గొట్టినట్టుంది," అని రొప్పుతూ గట్టు మీద వాలిపోయాడు. నేను చిరునవ్వుతో కణుపులు చూపించాను.

10 గంటల 4 నిమిషాలకు రత్నకుమారి గారు దిగారు. సరిగ్గా అప్పుడే నా రక్తపోటు మాత్ర వేళ అయింది. ఆ మాత్ర తిన్నాకే వేసుకోవాలి. ఇడ్లీల డబ్బా కారులో ఉంది, కారు రెండు వీధుల అవతల ఉంది. మాత్ర వేళ తప్పితే ఆకాశం కూలుతుందని నమ్మే మనిషిని గనుక పక్కనున్న రామశాస్త్రి గారిని పిలిచాను. ఆయన నాతోపాటు రోజూ పార్కులో నడిచే మిత్రులు, మూడు పూటలా జపం తప్పని నిష్ఠాపరులు.

"శాస్త్రిగారూ, కాస్త లెక్క చూస్తారా? కణుపుల మీద."

"దానిదేముందండీ, నాకు రోజూ ఉన్న పనే. మీరు నిదానంగా కానిచ్చి రండి."

నిదానంగానే కానిచ్చాను. మూడు ఇడ్లీలు, మాత్ర, నలభై నిమిషాలు. 10 గంటల 44కు తిరిగివచ్చాను.

"ఎన్నయ్యాయండీ?"

"సరిగ్గా నాలుగు చేతులు నిండాయి."

నాలుగు పన్నెండ్లు నలభై ఎనిమిది. మిగిలినవి యాభై రెండు. అక్కడి నుంచి నేనే లెక్కించాను. తుంపర వానగా మారింది. డెబ్భై దాటాక ఆమె ఎడమ చెయ్యి నీళ్ళను కోయడం మాని నీళ్ళ మీద వాలుతోంది. ప్రతి గట్టు దగ్గరా ఆగుతున్నారు. పిల్లలు అరవడం కూడా మానేశారు. 11 గంటల 36 నిమిషాలకు నా లెక్కలో వంద. గొడుగు పారేసి రెండు చేతులూ పైకెత్తాను. పిల్లలు గంతులు వేశారు. ఆమె గట్టు పట్టుకుని చాలాసేపు తలవంచే ఉన్నారు. సుష్మ, మురళి చెరో వైపు పట్టి పైకి తీశారు.

"వందేనా అన్నయ్యగారూ?"

"అనుమానం దేనికమ్మా? లెక్క నాది."

ఆమె తువ్వాలు ముఖం మీద కప్పుకున్నారు. ఆనందమనుకున్నాను. పిల్లలు మా తెలుగువారి హాలులో బోర్డు మీద మూడు పేర్లూ, మూడు వందలూ రంగులతో రాసేశారు.

ఆదివారం మధ్యాహ్నం నివేదిక రాయడానికి కూర్చున్నాను. ఎవరూ అడగలేదు, నా నివేదికలను ఎప్పుడూ ఎవరూ అడగరు. నేను లెక్కించిన యాభై రెండు లెంగ్త్‌లకు యాభై రెండు నిమిషాలు పట్టింది. అంటే ఒక్కొక్కటి ఒక్కొక్క నిమిషం. శాస్త్రిగారి నలభై ఎనిమిదికి మాత్రం నలభై నిమిషాలే. నెలరోజుల సాధనలో ఆమె ఏనాడూ అంత వేగం ఈదలేదు. నా కలం ఆగిపోయింది. ఫోను తీశాను.

"శాస్త్రిగారూ, మీ చేతికి ఎన్నండీ?"

"అదేం ప్రశ్నండీ? పది."

"వేళ్ళు నాలుగు, కణుపులు మూడేసి. పన్నెండు కదా?"

"మధ్యవేలి మీద రెండు కణుపులు మేరువు కదండీ. వాటిని ముట్టకుండా చుట్టూ తిరగాలి. జపంలో ఎవరైనా అంతే."

"ఈతలో కూడానా?"

"కణుపుల మీద అన్నారు మీరు. చేతికి ఎన్నో చెప్పలేదు."

చెప్పలేదు. ముప్పై మూడేళ్ళు ప్రతి పట్టిక మీదా కొలమానం ఏదని పది మందిని నిలదీసినవాణ్ణి, కొలమానం అడగకుండా గుణించాను.

సుష్మకు ఫోను చేసి చెప్పాను. "అంకుల్, ప్లీజ్. ఆంటీకి చెప్పకండి. ఎవరికీ తెలీదు కదా."

"నాకు తెలిసిందమ్మా."

"సో వాట్? మీ ఒక్కరికే కదా."

ఆ పిల్ల మాట విని ఉంటే మంచి మనిషినై ఉండేవాణ్ణేమో. నేను లెక్కల మనిషిని. సోమవారం ఉదయం పదిన్నరకు వానలో రత్నకుమారి గారి ఫ్లాట్‌కు వెళ్ళాను. అట్టపెట్టెల మధ్య నేలమీద కూర్చుని గిన్నెలకు కాగితాలు చుడుతున్నారు. నిలబడే చెప్పేశాను, మేరువుతో సహా. ఆమె గిన్నె కింద పెట్టారు.

"తొంభై రెండు," అన్నారు.

"మీకు తెలుసా?"

"నర్సునండీ. ముప్పయ్యేళ్ళు నాడి లెక్కపెట్టినదాన్ని, నా లెంగ్త్‌లు నేను లెక్కపెట్టుకోనా? తొంభై మూడోదానికి చెయ్యి లేవలా. గట్టు పట్టుకుని, ప్రభువా, ఇంక నావల్ల కాదు అన్నా. తలెత్తి చూస్తే మీరు రెండు చేతులూ ఎత్తి నిలబడున్నారు."

"అప్పుడే చెప్పొచ్చు కదమ్మా."

"అడిగాగా. లెక్క నాదన్నారు. నేనే తప్పు లెక్కేశానేమోనని ఆశ పడ్డా." మరో గిన్నె తీసి కాగితం చుట్టసాగారు. "రెండ్రోజుల్నుంచి ఆ ఆశ మీదే ఉన్నా అన్నయ్యగారూ. ఇప్పుడు మీరొచ్చి అది కూడా తీసేశారు."

నేను క్షమించమన్నాను. ఆమె కొంచెం నవ్వారు. "మీరేం చేస్తారు, ఇడ్లీలు తినాలిగా. బోర్డు దిద్దండి. అబద్ధం వంద నాకొద్దు. మిగిలిన ఎనిమిదీ నాటింగ్‌హామ్‌లో చూసుకుంటా."

ఆ సాయంత్రమే దిద్దాను. పిల్లలు వారం రోజులు నాతో మాట్లాడలేదు.

2018 ఫిబ్రవరిలో ఆమె కూతురు ఫోను చేసింది. జబ్బు తిరగబెట్టి, రత్నకుమారి గారు పోయారు. ఓపిక ఉన్నన్నాళ్ళూ అమ్మ మంగళవారాలు కొలనుకు వెళ్ళేదని చెప్పింది. ఎన్ని ఈదేవారని అడిగాను. అటువంటి వేళ అటువంటి ప్రశ్న అడగగల మనిషి నేనొక్కణ్ణే. "ఎవరు లెక్కపెట్టారు అంకుల్," అంది ఆ అమ్మాయి.

కనుక ఈ వ్రాతపూర్వక ప్రతిజ్ఞ: ఇకమీదట ఎవరి చేయినైనా సరే, ఆ చేతికి ఎన్నో అడగకుండా గుణించను; మనుషులు నీళ్ళలో ఉండగా ఇడ్లీలు తినను. ఆ ఎనిమిదింటికీ నా వద్ద ఆధారం లేదు. ఆధారం లేనిదాన్ని కూడడం నాకు చేతకాదు, ఎంత కూడాలని ఉన్నా. సుష్మ 100, మురళి 100, రత్నకుమారి 92. మొత్తం 292.